ఒకే గుట్ట, ఒకే లూప్: వారానికి నాలుగు గంటల్లో మౌంటెన్ బైక్ సాధన ఎలా చేయాలి

మౌంటెన్ బైక్ కొన్న కొత్తలో చాలామంది చేసేది ఒకటే. ఆదివారం తెల్లారకముందే సైకిల్‌ని కారుకి కట్టి వికారాబాద్ దగ్గరి అనంతగిరి గుట్టలకు పోవడం, మధ్యాహ్నానికి ఒళ్లు హూనం చేసుకుని రావడం, ఆ తర్వాత మూడు వారాలు సైకిల్ బాల్కనీలో దుమ్ము పట్టడం. ఇలా ఏడాది తిరిగినా కాళ్లకు సత్తువ రాదు, చేతికి వాటం రాదు. అదే సైకిల్‌ని ఇంటికి దగ్గర్లో ఉన్న చిన్న గుట్ట చుట్టూ వారానికి మూడుసార్లు తొక్కితే మూడు నెలల్లో తేడా తెలుస్తుంది. తెలిసిన దారిలో ఏ మార్పు దేనివల్ల వచ్చిందో పట్టుకోవచ్చు. టైరులో రెండు పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలి తగ్గించారు, మలుపులో పట్టు పెరిగింది. రోజూ దారి మారిస్తే అది గాలి మహిమో మట్టి మహిమో చెప్పలేరు.

ఇక్కడ చెప్పేదంతా హైదరాబాద్ చుట్టుపక్కల నేలను దృష్టిలో పెట్టుకుని చెప్పేది: గ్రానైట్ బండలు, మొరం బాటలు, చెరువు కట్టలు, సర్కారు తుమ్మ కంప. సైకిల్ మామూలు హార్డ్‌టెయిల్ చాలు, అంటే ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్నది.

ముందు లూప్ వెతుక్కోండి

లూప్ అంటే మొదలైన చోటికే తిరిగొచ్చే దారి. ఇంటి నుంచి 15–20 నిమిషాల్లో సైకిల్ మీదే చేరగలిగేది కావాలి. కారు తీయాల్సి వస్తే వారం మధ్యలో పోరు, అది ఖాయం. పొడవు 4 నుంచి 6 కిలోమీటర్లు, మొత్తం ఎక్కుడు 60–100 మీటర్లు ఉంటే సరిపోతుంది. అందులో నాలుగు రకాల నేల ఉండేలా చూసుకోండి: ఆగకుండా మూడు నాలుగు నిమిషాలు పట్టే ఎక్కుడు ఒకటి, మొరం మీద రెండు మూడు మలుపులు, జానెడు నుంచి అడుగు ఎత్తు బండ మెట్టు ఒకటి, ఊపిరి పీల్చుకోవడానికి చెరువు కట్ట లాంటి చదును కాస్త.

దొరికిన దారిని మొదటిసారి సైకిల్‌తో కాదు, నడిచి చూడండి. నగరం అంచుల్లో పాత క్వారీ గుంతలకు కంచె ఉండదు, దిగుడు చివర మలుపులో ఉన్నపళంగా ఎదురవుతాయి. ముళ్లతీగ కంచెలు సైకిల్ వేగంలో కంటికి ఆనవు. పొలాల మధ్య నుంచి పోయే దారి అయితే ఇంకో ప్రమాదం ఉంది. అడవి పందుల కోసం కొన్నిచోట్ల చేను చుట్టూ కరెంటు తీగ లాగుతారు. చట్టప్రకారం నేరమైనా ఇది ఆగలేదు, మనుషులు చనిపోతూనే ఉన్నారు. అందుకే చీకట్లో పొలం గట్ల మీదికి వెళ్లొద్దు. పగలు కూడా రైతు కనిపిస్తే ఆగి, "ఈ బాటన పోవచ్చా అన్నా?" అని ఒక్క మాట అడగండి. రిజర్వ్ ఫారెస్ట్ బోర్డు ఉన్నచోట అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలికి వెళ్లకండి.

ఖాజాగూడ గుట్టల్లాంటి చోట్ల నడిచేవాళ్లు, రాళ్లెక్కేవాళ్లు ఎక్కువ. అక్కడ తొక్కాలంటే మామూలు రోజుల్లో తెల్లవారుజామునే, అది కూడా దిగుళ్లలో మనిషి నడిచే వేగంతో. ఎదురొచ్చేవాళ్లకు దారి ఇవ్వాల్సింది సైకిల్ మీదున్న మీరే.

వానాకాలం గురించి ఇప్పుడే ఆలోచించుకోండి. మొరం నేల వాన వెలిసిన కొన్ని గంటల్లో ఆరిపోతుంది. నల్లరేగడి అలా కాదు. తడిసిన రేగడిలో యాభై మీటర్లు తొక్కితే టైరుకీ ఫ్రేముకీ మధ్య మట్టి ముద్దలా బిగుసుకుని చక్రం తిరగదు. బలవంతంగా తొక్కితే వెనక డీరైలర్ (చైనుని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి జరిపే భాగం) మట్టితోపాటు స్పోకుల్లోకి లాగబడి విరుగుతుంది. దారిలో రేగడి ముక్క ఉంటే జూన్ నుంచి అక్టోబరు దాకా దాన్ని వదిలేసి వేరే అడ్డదారి పెట్టుకోండి. పొరపాటున దిగబడితే సైకిల్‌ని భుజాన వేసుకోండి, సిగ్గేమీ లేదు.

సైకిల్‌ని ఒంటికి సరిచేసుకోవడం

సీటు ఎత్తు: తొక్కేటప్పుడు వేసుకునే బూట్లతోనే సీటు మీద కూర్చుని మడమను పెడల్ మీద పెట్టండి. పెడల్ పూర్తిగా కిందికి వెళ్లినప్పుడు కాలు నిటారుగా రావాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది, కావలసింది అదే. మోకాలి ముందు భాగంలో నొప్పి వస్తే చాలాసార్లు సీటు తక్కువైనట్టు, మోకాలి వెనక లాగుతుంటే ఎక్కువైనట్టు. మార్పు ఒకేసారి 5 మిల్లీమీటర్లకు మించకుండా చేసి రెండు రైడ్లు చూడండి. సరైన ఎత్తు దొరికాక సీటు పోస్టు చుట్టూ ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు వేయండి. దిగుళ్లలో సీటు ఐదారు సెంటీమీటర్లు దించి, మళ్లీ ఎక్కుడు వచ్చినప్పుడు ఆ గుర్తు దగ్గరికి లేపుకోవచ్చు.

బ్రేక్ లివర్లు: షాపులో వీటిని గ్రిప్‌కి ఆనించి బిగిస్తారు, అప్పుడు రెండు మూడు వేళ్లతో నొక్కాల్సి వస్తుంది. క్లాంప్ వదులు చేసి లోపలికి జరపండి, చూపుడు వేలు ఒక్కటే లివర్ చివర ఉన్న వంపులో పడేలా. మిగతా వేళ్లన్నీ హ్యాండిల్ పట్టుకునే ఉండాలి. బండల మీద చెయ్యి జారడానికి సగం కారణం రెండు వేళ్ల బ్రేకింగే.

ముందు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్ కాళ్లు): 100 మిల్లీమీటర్లు కుంగగల ఫోర్కు అయితే మీరు ఎక్కి నిలబడ్డప్పుడు అది 20 మిల్లీమీటర్ల దాకా కుంగాలి. ఫోర్కు కాలికి చిన్న జిప్ టై కట్టి కిందికి జరపండి, మెల్లగా ఎక్కండి, నిలబడండి, మెల్లగా దిగండి, అది ఎంత జరిగిందో కొలవండి. గాలి ఫోర్కు అయితే షాక్ పంపుతో సరిచేయవచ్చు. చవక స్ప్రింగు ఫోర్కుల్లో ప్రీలోడ్ మర (స్ప్రింగుని ముందే బిగించేది) తిప్పినా తేడా అంతంతే. దాని మీద ఆశ పెట్టుకోకుండా టైరు గాలి మీద దృష్టి పెట్టండి.

బోల్టులు: స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్కుకి కలిపే ముక్క) బోల్టుల బిగువు సాధారణంగా 5 న్యూటన్ మీటర్లు. చాలావాటి మీద ఆ అంకె రాసే ఉంటుంది. డిస్కు బ్రేకు పళ్లెం బోల్టులకు టీ25 కీ (నక్షత్రం మొన ఉన్నది) కావాలి. కొత్త డిస్కు ప్యాడ్లు వేస్తే మొదటి రోజే గుట్ట మీదికి పోకండి. చదును రోడ్డు మీద 20 కిలోమీటర్ల వేగం నుంచి నడక వేగానికి ఇరవైసార్లు తగ్గించండి, చక్రం పట్టేయకుండా, పూర్తిగా ఆగకుండా. ఈ పని ఎగ్గొడితే బ్రేకు కూస్తుంది, పట్టు కూడా సరిగ్గా రాదు.

గాలి, ముల్లు, పంక్చరు

దీని మీద కాస్త ఎక్కువ సేపు ఉండాలి. ఈ నేలలో రైడ్లు పాడయ్యేది చాలావరకు ఇక్కడే.

70 కిలోల మనిషి, 2.25 అంగుళాల టైరు, లోపల ట్యూబు అనుకుందాం. ముందు 27, వెనక 30 పీఎస్ఐతో మొదలుపెట్టండి. ట్యూబ్‌లెస్ అయితే ముందు 22, వెనక 25. బరువు ప్రతి పది కిలోలకీ ఒకటి రెండు పీఎస్ఐ పెంచుకోండి లేదా తగ్గించుకోండి. షాపువాళ్లు నింపి ఇచ్చే 45–50 పీఎస్ఐ రోడ్డుకి పనికొస్తుంది. మొరం మీద ఆ గాలితో టైరు గోలీలా దొర్లుతుంది తప్ప నేలను పట్టుకోదు.

లూప్ మీద ఇలా పరీక్షించండి. మొదటి చుట్టు 30కి తొక్కండి. తర్వాత చుట్టుచుట్టుకీ రెండేసి పీఎస్ఐ తగ్గిస్తూ, ప్రతిసారీ అదే మలుపు అదే వేగంతో తిరగండి, అదే బండ మెట్టు దిగండి. ఒక దశలో మెట్టు దగ్గర "టక్" మని రిమ్ము రాయికి తగిలిన చప్పుడు వస్తుంది. అక్కడికి రెండు పీఎస్ఐ కలపండి. అదే మీ అంకె. ఫ్లోర్ పంపుల గేజీలు తక్కువ గాలి దగ్గర ఒకదానితో ఒకటి కలవవు, కాబట్టి ఎప్పుడూ ఒకే పంపు వాడండి, స్నేహితుడి పంపు చూపించే 26ని నమ్మకండి. గాలి రైడుకి ముందు నీడలో కొలవండి.

ఇక ముళ్లు. పల్లేరు కాయలు చెరువు కట్టల పక్కన, ఖాళీ ప్లాట్లలో ఉంటాయి. ఏ వైపు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. సర్కారు తుమ్మ ముల్లు ఇంకా పొడవు, కంప నరికి బాట పక్కన వేసిన వారం మరీ ప్రమాదం. ట్యూబులతో వారానికి మూడు రైడ్లు చేసేవాళ్లకు పంక్చర్లు తప్పవు. టైరు, రిమ్ము అందుకు తగ్గవైతే ట్యూబ్‌లెస్‌కి మారండి. డబ్బు పెట్టదగ్గ మొదటి మార్పు ఇదే, కార్బన్ హ్యాండిల్ కాదు.

ట్యూబ్‌లెస్‌లో 29 అంగుళాల చక్రానికి 100–120 మిల్లీలీటర్ల సీలెంట్ (రంధ్రాలు పూడ్చే ద్రవం) పోయండి. డబ్బాల మీద ఎన్ని నెలలు రాసినా మన ఎండకు మార్చి నుంచి జూన్ దాకా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో చిక్కబడుతుంది. వాల్వ్ కోర్ (వాల్వు లోపలి పిన్ను) విప్పి సన్నని ప్లాస్టిక్ టై లోపలికి దించి చూడండి, తడి అంటకపోతే 60 మిల్లీలీటర్లు కలపండి. ముల్లు గుచ్చుకున్నప్పుడు దాన్ని పీకి, ఆ రంధ్రం కిందికి వచ్చేలా చక్రం తిప్పి పది సెకన్లు ఉంచండి. సీలెంట్ అక్కడికి చేరి పూడుకుంటుంది. రంధ్రం పైన ఉన్నప్పుడు చూస్తూ నిలబడితే గాలి మాత్రమే పోతుంది.

ట్యూబుతోనే ఉంటే పంక్చరు వేసుకోవడం నేర్చుకోక తప్పదు. గుట్ట మీద పంక్చరు షాపు ఉండదు. దిగి రోడ్డెక్కినా, సన్నటి ప్రెస్టా వాల్వుకి అక్కడి గన్ను పట్టదు. ఇత్తడి అడాప్టర్ ఒకటి కొని వాల్వుకే బిగించి ఉంచండి. షాపు కంప్రెసర్‌తో గాలి పట్టించేటప్పుడు రెండు మూడు చిన్న విడతలుగా పట్టమనండి, ఒక్కసారి వదిలితే టైరు రిమ్ము మీద నుంచి లేచిపోతుంది.

వేసే పద్ధతి:

1. ట్యూబు తీసేముందు టైరు మీద వాల్వు ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి. రంధ్రం దొరికాక దానికి ఎదురుగా టైరులో ముల్లు ఎక్కడుందో దీంతో తెలుస్తుంది.
2. ట్యూబుకి గాలి కొట్టి పెదవి దగ్గర, చెంప దగ్గర తిప్పండి. చిన్న రంధ్రం చెవికి వినిపించకపోయినా చర్మానికి తెలుస్తుంది.
3. రంధ్రం ఎలా ఉందో చూడండి. బయటి వైపు ఒకటే ఉంటే ముల్లు. పక్కపక్కనే రెండు ఉంటే పాముకాటు అంటారు, గాలి తక్కువై రిమ్ము ట్యూబుని నొక్కింది. రిమ్ము వైపు ఉంటే రిమ్ టేపు జరిగి స్పోకు రంధ్రం అంచు కోసింది. మూడోదానికి ప్యాచ్ ఎన్నిసార్లు వేసినా మళ్లీ పోతుంది, టేపు సరిచేయాలి.
4. గరుకు కాగితంతో ప్యాచ్ కంటే కాస్త ఎక్కువ మేర రుద్దండి, మెరుపు పోవాలి.
5. సొల్యూషన్ పలచగా రాసి నాలుగైదు నిమిషాలు ఆగండి. ఓపిక లేక తడి మీదే అతికించడం వల్లే సగం ప్యాచ్‌లు ఊడతాయి. వేలు ఆనిస్తే అంటుకోకుండా జిగటగా తోస్తే అప్పుడు ప్యాచ్ వేసి బొటనవేలితో గట్టిగా నొక్కండి.
6. టైరు లోపల వేళ్లతో మెల్లగా చుట్టూ తడమండి. విరిగిన ముల్లు మొన బయటికి కనపడదు, లోపలి నుంచే తగులుతుంది. దాన్ని తీయకుండా కొత్త ట్యూబు వేస్తే అదీ పదడుగుల్లో పోతుంది.

వారం ఎలా నడవాలి

మూడు రైడ్లు, మొత్తం నాలుగు గంటలు. నలభై దాటినవాళ్లు, బీపీ, షుగరు ఉన్నవాళ్లు గట్టి ఎక్కుళ్లు మొదలుపెట్టే ముందు డాక్టరుకి ఒకసారి చూపించుకోండి.

మంగళవారం 45 నిమిషాలు చేతివాటానికి. గురువారం గంట ఎక్కుడికి. శని, ఆదివారాల్లో ఒకరోజు రెండు గంటల నుంచి రెండుంపావు దాకా నెమ్మదిగా పొడవాటి రైడు. మొదటి నాలుగు వారాలు గురువారం కూడా నెమ్మదిగానే ఉండాలి. నెమ్మది అంటే పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. మాట మధ్యలో తెగుతుంటే వేగం ఎక్కువైనట్టే. హృదయ స్పందన చూసే వాచీ ఉంటే మంచిదే, కానీ 220లోంచి వయసు తీసేసే లెక్క మనిషికీ మనిషికీ పది పదిహేను అటూ ఇటూ అవుతుంది, మాట పరీక్షే నమ్మకమైనది.

ఐదో వారం నుంచి గురువారం ఇలా: 15 నిమిషాలు చదును మీద ఒళ్లు వేడెక్కనివ్వండి. తర్వాత లూప్‌లోని ఎక్కుడు మూడుసార్లు, ఒక్కోటి నాలుగు నిమిషాలు, ఒకటి రెండు ముక్కలు తప్ప మాట్లాడలేనంత గట్టిగా. మధ్యలో దిగి రావడమే విరామం, నాలుగు నిమిషాలు. పెడల్ నిమిషానికి 65–75 చుట్లు తిరిగే గేరు పెట్టుకోండి. మరీ చిన్న గేరులో గిరగిరా తొక్కితే మొరం మీద వెనక చక్రం జారుతుంది. వారానికి ఒకటి చొప్పున కాదు, రెండు వారాలకొకటి పెంచుతూ ఐదు దాకా తీసుకెళ్లండి. ప్రతిదాని సమయం రాసుకోండి. మొదటిది 4 నిమిషాల్లో ఎక్కి ఏదో ఒకటి 4:25 దాటితే ఆ రోజుకి అక్కడితో ఆపండి. ఆ తర్వాత చేసేది అలసటే, సాధన కాదు.

గుట్ట తడిగా ఉన్న వారం గురువారాన్ని అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ మీదికి మార్చుకోవచ్చు. 23 కిలోమీటర్ల ట్రాక్ అది, పైన కప్పు ఉంటుంది. అక్కడ ఎక్కుడు దొరకదు కాబట్టి రెండు గేర్లు బరువు పెంచి అదే నాలుగు నిమిషాలు తొక్కండి.

ప్రతి నాలుగో వారం మొత్తం సమయాన్ని మూడో వంతు తగ్గించండి. చాలామంది దీన్నే ఎగ్గొడతారు, ఏడెనిమిదో వారానికి మోకాలు పట్టుకుని కూర్చుంటారు.

మంగళవారం: చేతివాటం

దీనికి లూప్ కూడా అక్కర్లేదు, ఖాళీ పార్కింగు స్థలం, నాలుగు ఇటుకలు, సుద్దముక్క చాలు. ముందు నిలబడే తీరు నేర్చుకోండి: పెడల్స్ రెండూ నేలకు సమాంతరంగా, మడమలు కాస్త కిందికి, మోకాళ్లు, మోచేతులు వంచి, గడ్డం స్టెమ్ పైకి వచ్చేలా. బరువు పాదాల మీద ఉండాలి, అరచేతుల మీద కాదు. హ్యాండిల్ నుంచి ఒక్క క్షణం చేతులు తేలిక చేసినా ఒరిగిపోకుండా ఉంటే సరిగ్గా నిలబడ్డట్టు.

తర్వాత బ్రేకులు. సుద్దతో గీత గీసి 20 కిలోమీటర్ల వేగంతో వచ్చి గీత దగ్గర వెనక బ్రేకు ఒక్కటే వేసి ఎన్ని అడుగుల్లో ఆగారో కొలవండి. తర్వాత రెండూ కలిపి వేసి కొలవండి. దూరం ఇంచుమించు సగమవుతుంది. ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతామన్న భయం చాలామందిది. పల్టీ కొట్టేది లివర్ని గుంజినప్పుడు, ఒళ్లు ముందుకు తోసుకుపోయినప్పుడు. మెల్లగా నొక్కుతూ పెంచుకుంటూ, తుంటి వెనక్కి జరిపితే ఆపే బలమంతా ముందు చక్రందే. మలుపులో, వదులు మొరం మీద మాత్రం ముందు బ్రేకు ముట్టుకోకండి. బ్రేకింగంతా మలుపుకి ముందే అయిపోవాలి.

మొరం మలుపు: బయటి వైపు పెడల్ కిందికి దించి బరువంతా దాని మీద వేయండి. సైకిల్‌ని లోపలికి వంచండి, మీరు నిటారుగా ఉండండి. చూపు చక్రం ముందు కాదు, మలుపు బయటపడే చోట ఉండాలి. బండ మీద పలచగా పరుచుకున్న మొరం కనిపిస్తే అక్కడ వంచడం మానేసి నిటారుగా దాటేయండి, అది గోలీల మీద అడుగేసినట్టే.

బండ మెట్టు ఎక్కడం దగ్గరే అందరూ ఆగిపోతారు. అందుకని దాన్ని ముక్కలు చేసి చూద్దాం. మొదట పడుకోబెట్టిన ఇటుకల వరస మీద చేయండి, మూడు అంగుళాల ఎత్తు. అది అలవాటయ్యాక ఫుట్‌పాత్ అంచు. నడక కంటే కాస్త ఎక్కువ వేగంతో, మధ్య గేరులో రండి. ముందు చక్రం మెట్టుకి అడుగున్నర దూరంలో ఉన్నప్పుడు మోచేతులు వంచి ఛాతీని కిందికి దించండి. మీ బలమైన కాలు గడియారంలో రెండు గంటల ముల్లున్న చోట ఉండాలి. ఆ కాలితో ఒక్క తొక్కు తొక్కుతూ ఛాతీ పైకి, వెనక్కి లేపండి. ముందు చక్రం తేలికై లేస్తుంది, చేతులతో ఎత్తక్కర్లేదు. అది మెట్టు మీద ఆనగానే ఒళ్లు ముందుకు తీసుకురండి, సీటు మీద నుంచి లేచి హ్యాండిల్‌ని ముందుకు నెట్టండి. వెనక చక్రం దానంతటదే ఎక్కుతుంది.

వెనక చక్రం మెట్టుకి కొట్టుకుని ఆగిందంటే బరువు ఇంకా సీటు మీదే ఉంది. పెడల్ రాయికి తగిలిందంటే తొక్కు ఆలస్యమైంది, అరడుగు ముందే మొదలుపెట్టాలి. ముందు చక్రం లేచి పక్కకు తిరిగిందంటే ఒక చేత్తోనే లాగారు. ఒక సాయంత్రం ఇరవైసార్లు చాలు. అలిసిన కాళ్లతో చేసేకొద్దీ తప్పు అలవాటైపోతుంది.

నీళ్లు, తిండి, ఎండ

గంటకు 500 నుంచి 750 మిల్లీలీటర్ల నీళ్లు, ఏప్రిల్, మే నెలల్లో ఇంకాస్త ఎక్కువ. గంట దాటే రైడుకి ఉత్త నీళ్లు చాలవు, చెమటతో ఉప్పు పోతుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో కలపండి. అరలీటరు సీసాలో మొత్తం ప్యాకెట్ పోసేస్తే కడుపులో తిప్పుతుంది. ఇంట్లో చేసుకోవాలంటే లీటరుకి ఆరు సమం టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, నిమ్మరసం రుచికి. మజ్జిగ మంచిదే, తిరిగొచ్చాక. సీసాలో రెండు గంటలు ఎండకు ఊగితే పులిసిపోతుంది.

బయల్దేరే గంట ముందు రెండు ఇడ్లీలో అరటిపండో చాలు. పల్లీ చట్నీ గిన్నెడు పోసుకుంటే ఎక్కుడులో అదే గొంతులోకి వస్తుంది. గంటన్నర దాటే రైడులో గంటకు 30–60 గ్రాముల పిండిపదార్థం పడాలి. ఒక అరటిపండులో దాదాపు 25 గ్రాములు ఉంటుంది. ఖర్జూరాలు, బెల్లం పల్లీ చిక్కీ జేబులో కరగవు, చాక్లెట్ కరుగుతుంది. ఆకలి వేశాక తింటే ఆలస్యమైనట్టే, నలభై నిమిషాలకోసారి కాస్త నమలండి.

ఎండాకాలం తెల్లవారు 5:30కి మొదలుపెట్టి 8 లోపు ఇంట్లో ఉండండి. ఎండ ముదిరే కొత్తలో ఒంటికి అలవాటు పడటానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది, ఆ రెండు వారాలు గట్టి ఎక్కుళ్లు మానేయండి. తల తిరగడం, ఎండలోనే చలి, రోమాలు నిక్కబొడుచుకోవడం కనిపిస్తే వెంటనే నీడకు చేరి తల మీద, మెడ మీద నీళ్లు పోసుకోండి. మనిషి తడబడి మాట్లాడుతుంటే ఆలోచించొద్దు, 108కి ఫోన్ చేయండి.

ఆదివారం సంచిలో

చిన్న పంపు, ఒక ట్యూబు (ట్యూబ్‌లెస్ వాళ్లు కూడా), రెండు టైరు లివర్లు, ప్యాచ్ కిట్, చైను విప్పే పనిముట్టు ఉన్న మల్టీటూల్, మీ చైనుకి సరిపడే క్విక్ లింక్ (తెగిన చైనుని కలిపే లింకు). 8 స్పీడు (వెనక ఎనిమిది గేర్లు) లింకు 12 స్పీడుకి పట్టదు, కొనేముందు చూసుకోండి. జిప్ టైలు నాలుగు. మందపాటి బిస్కెట్ ప్యాకెట్ కవరు ఒకటి మడిచి పెట్టుకోండి. టైరు గోడ చిరిగితే ట్యూబు బయటికి ఉబ్బకుండా లోపల పెట్టి ఇల్లు చేరవచ్చు.

ఇంకొకటి, వెనక డీరైలర్ పట్టుకునే హ్యాంగర్. సైకిల్ కుడివైపు పడితే వంగేది ఇదే, వంగడానికే మెత్తటి లోహంతో చేస్తారు. ఫ్రేము ఫ్రేముకీ ఆకారం వేరు, ఏ షాపుకి పోయినా దొరకదు. సైకిల్ కొన్నప్పుడే ఒకటి అదనంగా తెప్పించుకోండి. కుడివైపు పడి లేచాక నేరుగా తొక్కేయకండి. వెనక నిలబడి డీరైలర్ నిలువుగా ఉందా, చక్రం వైపు వాలిందా చూడండి. వాలి ఉంటే పెద్ద పళ్లచక్రం మీదికి గేరు మార్చొద్దు, మారిస్తే స్పోకుల్లోకి పోతుంది. మధ్య గేరుల్లోనే ఇల్లు చేరండి.

నలుగురు కలిసి పోతే దిగుళ్లలో ఒకరికొకరు కనీసం ఇరవై మీటర్ల దూరం ఉండాలి, ప్రతి చీలిక దగ్గర ముందున్నవాళ్లు ఆగాలి. ఒంటరిగా పోతే ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పండి. కుక్కలు తరిమితే వేగం పెంచడం కంటే దిగి సైకిల్‌ని అడ్డంపెట్టి నడవడం మేలు, చాలావరకు అక్కడితో వదిలేస్తాయి. బండల సందుల్లో చెయ్యి పెట్టకండి, రక్తపింజరి మట్టి రంగులోనే ఉంటుంది. కాటు పడితే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం ఏదీ వద్దు. కదలకుండా 108.

తిరిగొచ్చాక

చైను పాత బనియన్ గుడ్డతో తుడవండి, లింకుకో చుక్క నూనె వేసి, ఐదు నిమిషాల తర్వాత పైన మిగిలింది తుడిచేయండి. పైన నూనె మెరుస్తుంటే మొరం దుమ్ము దాన్ని గరుకు కాగితంలా మారుస్తుంది. వంటనూనె, ఇంజనాయిల్ వద్దు. డిస్కు పళ్లెం మీద వేలు పెట్టకండి. నూనె అంటితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, ప్యాడ్లు పీల్చేసుకుంటే ఇక మార్చడమే. మోటార్ సైకిళ్లకు వాటర్ సర్వీసింగ్ చేసే చోట సైకిల్ పెట్టొద్దు. ఆ ధార బేరింగుల్లోని గ్రీజుని కడిగేస్తుంది. బకెట్ నీళ్లు, మెత్తటి బ్రష్షు చాలు.

నెలకోసారి చైను గేజీ పెట్టి చూడండి. చైను సాగుడు 11, 12 స్పీడుకి 0.5 శాతం, 8 నుంచి 10 స్పీడుకి 0.75 శాతం దాటితే చైను మార్చండి. ఆ వందల రూపాయలు మిగుల్చుకుంటే వేల రూపాయల పళ్లచక్రాలు అరిగిపోతాయి. బ్రేకు ప్యాడు పదార్థం మిల్లీమీటరుకి వచ్చిందంటే మార్చే సమయం. గ్రానైట్ ఇసుక తడిసినప్పుడు ప్యాడ్లను ఊహించనంత త్వరగా తినేస్తుంది, వానాకాలంలో రెండు వారాలకోసారి చూడండి. పెళ్లాడిన కొత్త జంటలా సైకిల్ ఏదో ఒకటి గొణుగుతూనే ఉంటుంది. కిర్రుమనే చప్పుడు వస్తే ముందు సీటు పోస్టు తీసి తుడిచి గ్రీజు రాయండి, తర్వాత పెడల్స్ విప్పి మరలకు గ్రీజు రాయండి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, గుర్తుంచుకోండి. ఈ రెంటితో పోకపోతే అప్పుడు బాటమ్ బ్రాకెట్ (పెడల్ ఇరుసు తిరిగే బేరింగులు) సంగతి.

అనంతగిరికి ఎప్పుడు

లూప్‌ని ఆగకుండా మూడు చుట్లు తొక్కి, మూడో చుట్టు మొదటిదాని కంటే పదో వంతుకి మించి ఆలస్యం కాకపోతే, మూడుసార్లూ బండ మెట్టు దగ్గర కాలు కింద పెట్టకపోతే, సిద్ధమైనట్టే. మామూలుగా పది పన్నెండు వారాలు పడుతుంది. నగరం నుంచి అనంతగిరి దాదాపు 80 కిలోమీటర్లు, కాబట్టి ముందురోజు రాత్రే గాలి, బ్రేకులు, సంచి చూసుకోండి. అక్కడి నేల ఎర్రమట్టి, చెట్ల నీడలో ఆకులు పరుచుకుని వేర్లు కనపడవు. వేర్లను అడ్డంగా నిటారు చక్రంతో దాటండి, వాలుగా దాటితే జారుతుంది. మొదటి గంట గాలి మీ ఇంటి లూప్ అంకెతోనే ఉంచండి. ఆ తర్వాత ముందు టైరులో ఒక పీఎస్ఐ తగ్గించి అదే దిగుడు మళ్లీ దిగి చూడండి.